పొదుగు మీదున్న పెట్ట

తొంభయ్యారు తుపానుకి ముందు మా అత్తగారింటి పెరట్లో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించేది కాదు. ఎటు చూసినా కొబ్బరి మట్టలే. వాటి కింద కోళ్ళు పొద్దస్తమానం ధీమాగా తిరిగేవి. గద్ద అనేది ఒకటుందని వాటికి తెలియను కూడా తెలియదు. తుపాను ఒక్క కొబ్బరిచెట్టు తప్ప అన్నిటినీ ఒక్కసారే పడగొట్టి పోయింది. మర్నాడు పొద్దున్న వెనక తలుపు తీసేసరికి పెరడంతా ఒకటే వెలుతురు. ఆ వెలుతురు చూసి నాకు ఏడుపొచ్చింది.

కోళ్ళ గూడు మీద చెట్టు పడింది. లోపలున్నవన్నీ పోయాయి. ఒక్క పెట్ట మాత్రం వంటింటి చూరు కింద కట్టెల సందులో నక్కి బతికింది. తడిసి ముద్దయి, తోకలో సగం ఈకలు ఊడి, నన్ను చూడగానే కొక్కొక్కో అని తిట్టుకుంటూ బయటికొచ్చింది. అది నా పెట్ట.

నా పెట్ట అని ఊరికే అనడం లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి పుట్టింటికి వెళ్ళి వస్తూ, కొత్తపేట దగ్గర మా ఊరి నుంచి దాన్ని బుట్టలో పెట్టుకుని, రెండు బస్సులు మారి, పంటు మీద గోదావరి పాయ దాటించి రాజోలు పక్కకి తెచ్చుకున్నాను. పంటు మీద ఒకాయన "కోడిని అమ్ముతారేంటండీ?" అని అడిగితే ఆయనకేసి చూసిన చూపుకి మళ్ళీ మాట్లాడలేదు. గోధుమరంగు ఒళ్ళు, మెడ చుట్టూ నల్ల చుక్కలు. నేను పిలిస్తే వచ్చేది. ఇంకెవరు పిలిచినా వచ్చేది కాదు.

మా ఆయన మస్కట్‌లో పని. రెండేళ్ళకోసారి వచ్చేవారు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో ఉన్నది అత్తగారూ నేనూ. నా చీరలు ఆవిడ బీరువాలో ఉండేవి. నా బంగారమూ అందులోనే. బీరువా తాళం ఆవిడ బొడ్లో. గాజులు మార్చుకోవాలన్నా అడగాలి. అడిగితే ఇచ్చేవారు, ఒక్కసారీ కాదనలేదు. కానీ అడగాలి. ఆ ఇంట్లో అడక్కుండా ముట్టుకోగలిగింది నాకు ఒక్కటే ఉండేది, అది గుడ్లు పెట్టేది.

అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ చేతి కోడికూరకి నాలుగూళ్ళలో పేరు. తిన్నవాళ్ళు ఇంక చాలండి బాబూ అని విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ళ సందులోంచి వడ్డించేవారు. ఇంటికొచ్చిన మనిషి కడుపు బరువుగా లేచాడంటే ఆవిడకి ఆ రోజు నిద్ర బాగా పట్టేది. ఇంట్లో కోళ్ళుండేది అందుకే. పెరట్లో కోడి తిరుగుతున్నదంటే ఆవిడ కంటికి అది ఏదో ఒకరోజు రాబోయే చుట్టానికి పెట్టే కూర. నేను వచ్చిన కొత్తలో ముంగిసలూ పిల్లులూ కలిసి తిన్న కోళ్ళకంటే చుట్టాలు తిన్న కోళ్ళే ఎక్కువ. ఆ మాట పైకి అనలేదు. కొత్త కోడలికి మా వైపు ఒక్కటే మాట, ఆయ్. కాఫీ పెట్టమ్మా అంటే ఆయ్. కోడిని పట్టుకో అంటే ఆయ్. పట్టుకుని ఇచ్చి, వెనక్కి తిరిగి పళ్ళు నూరుకునేదాన్ని.

తుపాను తర్వాత ఊళ్ళో ఇంచుమించు ఎవరికీ కోళ్ళు మిగల్లేదు, చుట్టాలూ తగ్గారు. అయితే వేరేవాళ్ళు వచ్చారు. పైన కప్పు లేదు కాబట్టి గద్ద వచ్చింది. మధ్యాహ్నం పూట పెరటి మీద చుట్లు తిరుగుతూ ఉండేది. దాని నీడ నేల మీద పాకితే చాలు, నా పెట్ట గోడకి అతుక్కుపోయేది. పడిన చెట్లని దుంగలు కోయించి పెరట్లో ఒక మూల పేర్పించాం, ఎవరైనా వచ్చి కొనుక్కుంటారని. ఆ దుంగల కిందికి ముంగిస చేరింది. పట్టపగలు, మేమిద్దరం చూస్తుండగా, ఇల్లు తనదే అన్నట్టు పెరటికి అడ్డంగా నడుచుకుంటూ పోయేది.

నేను కర్ర తీశాను. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"దాన్నేం చెయ్యకమ్మా. ముంగిస కనబడితే మంచిది. తుపానుకి పుట్టలన్నీ మునిగి పాములు ఇళ్ళల్లోకి వచ్చేస్తున్నాయి. అదుంటే అవి రావు."

"అదుంటే నా పెట్ట కూడా ఉండదండి."

"కోడిదేముంది? తాచు కరిస్తే నువ్వూ నేనూ ఉండం."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పు లేదు, నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడుంది? ముంగిసని కొట్టను అన్నాను. దాన్ని పెట్ట దగ్గరికి రానివ్వను అని మాత్రం మనసులో అనుకున్నాను. చేపలమ్మే ఆవిడ దగ్గర చిరిగిన వల ఒకటి అడిగి తెచ్చి, విరిగిన గూడు బాగుచేసి, దాని ముందు నాలుగు వెదురు గెడలు పాతి పందిరిలా కట్టాను. పాడైపోయిన పాటల క్యాసెట్లోంచి టేపు లాగి దాని మీద తోరణాలు వేశాను. గాలికి అవి తళతళమని గద్ద కళ్ళలో కొట్టేవి. గూడు చుట్టూ నేల తవ్వి గాజు పెంకులు పాతాను, పైన తుమ్మ కంప వేశాను. గద్ద నీడ పడితే కంచం తీసుకుని గరిటెతో వాయించేదాన్ని. వీధిలో పోయేవాళ్ళు గోడ మీదుగా తొంగిచూసి, "ఏవండీ కోడలుగారూ, ఇవాళ భజన పెందరాళే మొదలెట్టేరు?" అనేవారు. నవ్వుకోనీ అనుకున్నాను. వాళ్ళ ఇళ్ళల్లో ఒక్క కోడి లేదు, నాకుంది.

పెట్ట చాలా కాలం గుడ్లే పెట్టలేదు. బెదిరిపోయింది పాపం. ఎండలు ముదిరాక మళ్ళీ మొదలుపెట్టింది. పుంజు ఒకటి పక్కింటివాళ్ళది మిగిలింది, అది మా పెరట్లోనే తిరిగేది. గుడ్లు ఒక్కటి కూడా వండలేదు నేను. తవుడు కుండలో దాచాను. పెట్ట పొదుగుకి వచ్చి, ఒళ్ళు ఉబ్బించుకుని, ఎవరు దగ్గరికెళ్ళినా పొడవడం మొదలుపెట్టగానే గంపలో ఊక పోసి, గడ్డి పరిచి, గుడ్లు సర్ది కూర్చోబెట్టాను. అత్తగారు వెనకనుంచి చూస్తున్నారు.

"ఇనుప ముక్క పెట్టేవా?"

"మర్చిపోయానండి."

"ఉరుములకి గుడ్లు మురిగిపోతాయి. ఉండు." ఆవిడే లోపలికెళ్ళి ఒక పాత మేకూ, ఒక బొగ్గు ముక్కా తెచ్చి గడ్డి కింద దోపారు. దోపుతుంటే పెట్ట ఆవిడ చెయ్యి పొడిచింది. "పొగరుబోతు కోడి" అన్నారు నాకేసి చూస్తూ.

పొదుగు మీదున్న కోడి రోజుకోసారి దిగుతుంది. దిగి, గబగబా నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, ఒళ్ళు దులుపుకుని మళ్ళీ ఎక్కుతుంది. ఆ కాస్సేపే ప్రమాదం. ఆ కాస్సేపూ నేను కర్ర పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. వంట మాడినా సరే, పాలు పొంగినా సరే. దుంగల కిందనుంచి ముంగిస మూతి బయటపెట్టి చూసేది. నేనూ చూసేదాన్ని.

అలా రెండు వారాలు దాటుతుండగా ఆడపడుచు భర్త వచ్చారు. అత్తగారికి ఒక్కగానొక్క అల్లుడు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. మా పెరట్లో దుంగలకి బేరం చూసిపెడతానని, చెప్పాపెట్టకుండా పొద్దున్నే స్కూటర్ మీద దిగారు. అత్తగారి మొహం చేటంత అయింది. మరుక్షణం చిన్నబోయింది. ఎందుకో నాకు అర్థమైంది. ఆవిడకంటే ముందే నేను పెరట్లోకి నడిచాను.

ఆయనకి కాఫీ ఇచ్చి, వీధరుగు మీద కూర్చోబెట్టి, అత్తగారు కత్తి పట్టుకుని వచ్చారు. అప్పటికి నేను గంపకి వీపు ఆనించి కూర్చున్నాను. అరుగు ఎంతో దూరం కాదు, గట్టిగా మాట్లాడితే వినబడుతుంది. అందుకని మా దెబ్బలాట మొత్తం గుసగుసల్లోనే జరిగింది.

"లే. గంప తియ్యి."

"అది పొదుగు మీదుందండి."

"నాకు కళ్ళున్నాయే అమ్మా. తియ్యి."

"కుదరదండి."

ఆ మాట ఆ ఇంట్లో నేను అంతకుముందు అనలేదు. ఆవిడ సరిగ్గా వినలేదేమో అనుకున్నట్టు కాస్త వంగారు. నేను మళ్ళీ అన్నాను. తిట్టినా, ఎదురుతిరిగినా మా నోట్లోంచి అండీ మాత్రం ఊడిపోదు, ఏం చెయ్యను?

"అల్లుడు అత్తారింటికొచ్చి కోడికూర లేకుండా చెయ్యి కడుక్కుంటే అంబాజీపేటలో ఏవనుకుంటారు?"

"అంబాజీపేటలోనూ తుపానొచ్చిందండి. వాళ్ళకి తెలుసండి."

"తలకాయ ఎక్కడ పెట్టుకోవాలే నేను?"

"రాజోలు సెంటర్లో బ్రాయిలర్ కోడి దొరుకుతుందండి. నేను వెళ్ళి తెస్తానండి."

బ్రాయిలర్ అనగానే ఆవిడ ఒళ్ళు జలదరించింది. అల్లుడికి బ్రాయిలర్ కోడి పెట్టడమంటే చద్దన్నం పెట్టడంతో సమానం ఆవిడకి.

"ఇన్నాళ్ళూ ఎన్ని కోళ్ళు కొయ్యలేదు? అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు? పుట్టింటి కోడని పొగరా?"

"ఆయ్. అవునండి."

ఆవిడ ఇంకో అడుగు ముందుకేశారు. చేతిలో కత్తి ఉంది గానీ నాకు భయం వెయ్యలేదు. కోపం ఉంది, ఒళ్ళంతా ఉంది. అది ఒక్క కోడి గురించి వచ్చిన కోపం కాదు. ఇన్నేళ్ళూ పళ్ళు నూరుకున్నదంతా అక్కడికొచ్చి ఆగింది. నన్ను లేపాలంటే లాగాలి. లాగితే నేను అరుస్తాను. అరిస్తే అల్లుడు వింటారు. ఆ లెక్క ఆవిడకీ తెలుసు. ఆవిడ వీధివైపు తిరిగి, అంతవరకూ గుసగుసలాడిన గొంతులోంచే పంచదార పాకం తీసినట్టు, "బాబుగారూ, కోడికూర వండుతున్నానండి. కాస్త ఆలస్యమైతే ఏవనుకోకండే!" అని కేకేశారు.

"ఆయ్. అలాగేనండి" అని అటునుంచి.

నాకు ఒళ్ళు మండింది. లేచాను. పైట సర్దుకుని, తిన్నగా వీధరుగు మీదికి వెళ్ళాను. ఆయనతో నేను ఎదురుగా నిలబడి మాట్లాడింది అదే మొదలు. అంతకుముందు తలుపు చాటునుంచి బావున్నారాండీ అనడం తప్ప ఎరగను.

"అన్నయ్యగారూ, ఇవాళ కోడికూర లేదండి. మాకున్నది ఒక్క పెట్టండి. అది గుడ్ల మీదుందండి. నేను కొయ్యనివ్వనండి."

ఆయన గ్లాసు కింద పెట్టారు. తలుపుకేసి చూశారు. గొంతు తగ్గించారు.

"నిజంగా కొయ్యరాండీ?"

"కొయ్యమండి."

"మాటేనా చెల్లెమ్మగారూ?"

"మాటేనండి."

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలారు. "మీరు చల్లగా ఉండాలండి. నాకసలు కోడి పడదండి. చిన్నప్పట్నుంచీ పడదు. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు ఎంతో ఆప్యాయంగా పెట్టేరు. తిని, బావుందండి అన్నాను. అనకుండా ఎలాగండి? ఇంక అంతేనండి. వచ్చినప్పుడల్లా కోడి. ఇంటికెళ్ళి రెండ్రోజులు వాము నీళ్ళతో పడుంటాను."

"మరి వదినగారికి తెలుసాండీ?"

"తెలుసండి. అమ్మకి చెప్పేస్తానంటుంది. నేనే ఒద్దన్నాను. పెద్దావిడ బాధపడతారు కదండీ."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వబోయి ఆగాను. తలుపు దగ్గర అత్తగారు మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఆయన చూసి గబుక్కున లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "కాఫీ చాలా బావుందండి" అన్నారు.

"పప్పుచారు పెడతాను బాబూ" అన్నారు అత్తగారు. ఆ పూట ఆయన పప్పుచారూ, వంకాయ పచ్చడీ, గడ్డ పెరుగూ వేసుకుని తిన్న తిండి నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. వేళ్ళ సందులోంచి వడ్డించాల్సిన అవసరం రాలేదు.

ఆయన స్కూటర్ మలుపు తిరిగాక అత్తగారు అరుగు మీద కూలబడ్డారు. "ఎన్ని కోశాను ఆయన కోసం" అన్నారు. "పుంజు బావుంటే అల్లుడుగారొస్తారని అట్టే పెట్టేదాన్ని." ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. కాస్త దగ్గరికి జరిగాను కూడా. కానీ ఆవిడ నావైపు తిరిగారు.

"నువ్వు వెళ్ళి ఆ మాట అనకపోతే ఆయన చెప్పేవాడు కాదు."

"ఎప్పటికీ చెప్పేవారు కాదండి."

"చెప్పకపోతే బావుండేది. ఆయనా బావుండేవాడు, నేనూ బావుండేదాన్ని."

"ఆయన బావుండేవారు కాదండి. వాము నీళ్ళు తాగుతున్నారండి."

ఆ తర్వాత ఆవిడ నాతో మాటలు మానేశారు. మాట్లాడాల్సినవి గోడకీ, రోలుకీ చెప్పేవారు. "ఇంట్లో ఉప్పు అయిపోయిందని ఎవరికైనా తెలిస్తే బావుణ్ణు" అని రోలుతో అనేవారు. నేను వెళ్ళి ఉప్పు తెచ్చి రోలు పక్కన పెట్టేదాన్ని. నాకూ పట్టుదల తక్కువేం కాదు. ఇద్దరం అలా ఉంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది, పెట్ట మాత్రం గంపలో తనలో తాను గొణుక్కుంటూ గుడ్లు తిప్పుకునేది.

ఆ శుక్రవారం మా ఆయన ఫోన్ చేశారు. మాకు ఫోను లేదు. వీధి చివర బూత్‌కి చేస్తే వాళ్ళు కబురు పంపేవారు, మనం పరుగెత్తుకుని వెళ్ళి మళ్ళీ మోగేదాకా కూర్చోవాలి. వెళ్ళాను. సంగతి ఆయనకి అప్పటికే తెలిసింది, ఎవరు చెప్పారో ఏమో.

"అమ్మతో గొడవెందుకు? ఒక్క కోడి కోసం?"

"కోడి కోసం కాదండి."

"మరి దేనికోసం?"

బూత్‌లో ఇంకో ముగ్గురున్నారు, చెవులు రిక్కించుకుని. విననీ అనుకున్నాను. "మీకక్కడ మీ మంచం ఉంది. మంచం కింద మీ పెట్టె ఉంది. దానికి తాళం ఉంది, అది మీ జేబులో ఉంది. నాకిక్కడ ఏముందో చెప్పండి. ఆలోచించి చెప్పండి, తొందర లేదు."

ఆయన ఆలోచించారు. అంత దూరంనుంచి ఆయన ఆలోచించడం నాకు వినబడింది. చివరికి, "వచ్చినప్పుడు నీకో బీరువా చేయిస్తాన్లే" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోను పెట్టేశాను.

ఇంటికొచ్చేసరికి పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అత్తగారు పందిరి పక్కన నిలబడి ఉన్నారు. జుట్టు విడిపోయింది. చేతిలో చీపురు ఉంది. దుంగల దగ్గర పచ్చడిబండ పడి ఉంది. ముంగిసని ఏమీ చెయ్యకూడదన్న మనిషి దాని మీదికి పచ్చడిబండ విసిరారు. నా పెట్ట నేలమీద పక్కకి పడుకుని ఉంది. ఒంటిమీద పెద్దగా ఏమీ లేదు, మెడ దగ్గరే. గింజలు తినడానికి దిగి ఉంటుంది. ఎప్పుడూ నేనుండేదాన్ని కదా, ఉన్నాననుకుని దిగి ఉంటుంది.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. ఇంకా వెచ్చగా ఉంది. బావురుమని ఏడ్చాను. వీధిలోకి వినబడుతుందని కూడా చూసుకోలేదు.

కాసేపటికి అత్తగారి గొంతు వినబడింది. రోలుతో కాదు, నాతోనే.

"ఆ రోజే కోసుంటే కూరైనా దక్కేది కదే."

ఏడుస్తూనే తలెత్తాను. "అయినా కొయ్యనిచ్చేదాన్ని కాదండి. ఇవాళ ఇలా అవుతుందని ముందే తెలిసినా కొయ్యనిచ్చేదాన్ని కాదండి."

ఆవిడ గంప దగ్గరికెళ్ళి, వంగి, గుడ్ల మీద అరచెయ్యి పెట్టి చూశారు. "ఏడుపు తర్వాత. చల్లారిపోతున్నాయి. లే" అన్నారు.

పొదుగు చివరికొచ్చింది. ఇంక రెండ్రోజులో మూడ్రోజులో. ఆవిడ గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టి గుడ్లు ఒక్కొక్కటే అందులో వదిలారు. లోపల పిల్ల బతికుంటే గుడ్డు తనంతట తను కదులుతుంది. ఇద్దరం గిన్నె మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూశాం. ఒకటి కదిలింది. ఇంకొకటి. కొన్ని కదల్లేదు, వాటిని పక్కన పెట్టాం. కదిలినవాటిని తుడిచి, కుండలో వేడి ఊక పోసి, ఆవిడ పాత నేతచీర మెత్తగా మడిచి చుట్టి, పొయ్యి పక్కన పెట్టాం. ఊక చల్లారకుండా మార్చడం ఒకరి తర్వాత ఒకరం చూసుకున్నాం. మేం రాజీపడిపోయామని అనుకోకండి. ఆవిడ "ఊక" అనేవారు, నేను ఇచ్చేదాన్ని. "తిప్పు" అనేవారు, తిప్పేదాన్ని. అంతకుమించి మాటల్లేవు. పెట్టని నేనే తీసుకెళ్ళి, మిగిలిన ఒక్క కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాను. కూర వండుదామని ఆవిడ అనలేదు. అనివుంటే ఏం జరిగేదో ఇప్పుడు చెప్పలేను.

పిల్లలు వచ్చాయి. సగానికి కాస్త తక్కువ. కానీ వచ్చాయి. తడి ఈకలతో, కాళ్ళు తన్నుకుంటూ, కియ్యోమంటూ వచ్చాయి. అవి కళ్ళు తెరవగానే చూసింది నన్నే. ఇంక నా వెనకే తిరిగేవి. నూకలు పోసి, పుల్లతో నేల గీరి చూపిస్తే గీరడం నేర్చుకున్నాయి. గద్ద నీడ పడితే నేను పెట్టలా గొంతులో కిర్రుమనేదాన్ని. అన్నీ పరుగెత్తుకొచ్చి నా కుచ్చిళ్ళ కిందికి దూరేవి. అవి కాళ్ళ మధ్య గిలిగింతలు పెడుతుంటే కదలకుండా నిలబడేదాన్ని, గద్ద విసుగుపుట్టి పోయేదాకా. గోడ మీదుగా చూసి నవ్వేవాళ్ళకి లెక్కలేదు. దుంగలు బేరం కుదిరి లారీ ఎక్కాక ముంగిస ఎటో పోయింది. తర్వాత పాము ఒకటి వచ్చింది. దాన్ని అత్తగారే గెడతో తరిమారు. ముంగిస పోబట్టే ఇది వచ్చిందని నన్ను ఒక్క మాట అనలేదు. అంటారేమోనని నేను జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను, అది అలాగే ఉండిపోయింది.

వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి అవి పిల్లలు కావు. రెండు పుంజులు, మిగతావి పెట్టలు. ఒక పుంజుకి తల్లి మెడలోని నల్ల చుక్కలు వచ్చాయి. బలంగా, తల ఎగరేస్తూ నడిచేది.

అప్పుడు దిండి నుంచి అత్తగారి అన్నయ్య వచ్చారు. ఆయన మాట అంటే ఆవిడకి తిరుగులేదు. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మనిషి. పెరటి వరండాలో కుర్చీ వేయించుకుని, కాళ్ళు చాపుకుని, పెరట్లో తిరుగుతున్న పుంజుని అటూ ఇటూ చూసి, "చెల్లాయ్, పుంజు భలేగా ఉందే! మధ్యాహ్నానికి అదే కదూ?" అన్నారు లొట్టలేస్తూ.

నేను ఆ పక్కనే బియ్యం చెరుగుతున్నాను. చేట ఆపాను. వంటింట్లోంచి అత్తగారు బయటికి కూడా రాలేదు. కూర తరుగుతున్న చప్పుడు ఆగలేదు.

"అవి నావి కాదన్నయ్యా. మా కోడలివి. నన్నడిగితే ఏం లాభం? దాన్నడుగు."

చెల్లెలు వేళాకోళం చేస్తోందనుకుని ఆయన నవ్వారు. లోపల్నుంచి నవ్వు రాలేదు. ఇల్లు ఆవిడది, తాళాలు ఆవిడవి, అన్నయ్య ఆవిడ అన్నయ్య. అయినా ఆవిడ ఇంకో మాట కలపలేదు. నాకు బియ్యంలో రాళ్ళు కనపడలేదు కాసేపు. ఆయన నవ్వు ఆపి, కుర్చీలో సర్దుకుని, కొత్తగా చూస్తున్నట్టు నన్ను చూశారు.

"ఏమ్మా, ఇస్తావా మరి?" అని అడిగారు.

ఇవ్వనండి అన్నాను.